రెండు బడులు, ఒక సంత లారీ

పులి సంగతి ముందే చెప్పేస్తాను

స్కూళ్ళ ఇన్‌స్పెక్టరు ఉద్యోగం ఎలా ఉంటుందని ఎవరడిగినా నేను ముందు పులి కథ చెప్పేవాణ్ణి. కొండదారిలో మిట్టమధ్యాహ్నం పదిహేను అడుగుల దూరాన పెద్దపులి అడ్డంగా నిలబడిందనీ, నేను చంకలోని హాజరుపట్టీ తీసి గట్టిగా పేర్లు పిలవడం మొదలుపెట్టేసరికి మూడో పేరు దగ్గర అది తోక ముడిచి తుప్పల్లోకి పోయిందనీ చెప్పేవాణ్ణి. పెళ్ళి పందిళ్ళలో చెప్పాను, కచేరీ వరండాల్లో చెప్పాను, రాయగడ స్టేషన్లో రైలు ఆలస్యమైన ప్రతిసారీ చెప్పాను. అందరూ నోరు తెరుచుకుని వినేవారు, మా బంట్రోతు అప్పన్న ఒక్కడు తప్ప.

"పులేటి బాబూ! నక్క. అదన్నా తమరు సూన్నేదు. తమరు లారీలో గుర్రెడతన్నారు. సూసినోణ్ణి నాను," అనేవాడు.

అప్పన్న చెప్పిందే నిజం. నాకంటే నాలుగేళ్ళు పెద్ద కాబట్టి నేనేమీ అనలేకపోయేవాణ్ణి.

నిరుడు రిటైరయ్యాను. ఈ మధ్య కొత్తగా సబ్ ఇన్‌స్పెక్టర్లుగా చేరిన కుర్రవాళ్ళు ముగ్గురు కోరాపుట్‌లో మా ఇంటికి వచ్చి, "ఉద్యోగంలో ఏం చూసుకోవాలో చెప్పండి మాస్టారూ" అన్నారు. పులి కథతో మొదలుపెట్టబోయాను. లోపలి నుంచి మా ఆవిడ దగ్గింది. అందుకని ఇలా కాగితం మీద పెడుతున్నాను. కాగితం మీద ఎక్కడ పెంచితే అక్కడే దించుతానని ఆవిడకి మాటిచ్చాను.

మాది పార్వతీపురం వైపు. మా తాత, నాన్న జయపురం సంస్థానం కచేరీలో గుమాస్తాలు. ముప్ఫయ్యారులో ఈ జిల్లా ఒరిస్సాలోకి వచ్చేనాటికి నేను పిల్లలకి లెక్కలు చెప్పుకునే మాస్టర్ని. ఉద్యోగం నిలవాలంటే ఒడియా రావాలి. ఆర్నెల్లలో నేర్చుకున్నాను. కాదు, రెండేళ్ళు పట్టింది. మూడో తరగతి పిల్లల పక్కన బల్ల మీద కూర్చుని నేర్చుకున్నాను, వాళ్ళు నా పలక చూసి నవ్వేవారు. తర్వాత సబ్ ఇన్‌స్పెక్టర్నయ్యాను. ఎప్పుడయ్యాను, జీతం ఎంత పెరిగింది అన్నవి మీకు పనికొచ్చేవి కావు. పనికొచ్చేది రెండు బడుల సంగతి ఒకటుంది. అది చెబుతాను.

నా చేతిరాతలో రెండు బడులు

ఇది యాభైల నడిమి మాట. నా చేతికింద రెండు మిడిల్ స్కూళ్ళు ఉండేవి. ఊళ్ళ పేర్లు చెప్పను, అక్కడివాళ్ళు ఇంకా ఉన్నారు. ఒకటి రాయగడ నుంచి పాసింజరులో ఒక స్టేషను అవతల, రైలుకట్ట పక్కన ఉంది. దాన్ని రైలుబడి అనుకుందాం. రెండోది కోరాపుట్‌కి దక్షిణాన, నందపూర్ వైపు కొండల మీద. అది కొండబడి. రెండూ సర్కారువే, రెండిట్లోనూ ఏడో తరగతి దాకా చదువు.

జిల్లా ఇన్‌స్పెక్టరు మహంతి గారు ఒక రోజు నన్ను పిలిచారు. ఆయన నవ్వడం నేను అప్పటికి చూడలేదు.

"మాస్టర్లు చాలడం లేదు. రెండిట్లో బలహీనమైన బడిని అయిదో తరగతికి దించేసి, ఆ పైక్లాసుల మాస్టర్లని రెండోదానికి మార్చాలి. మీ మూడేళ్ళ నివేదికలు చదివాను. ఏ బడి అన్నది తెలిసిపోతూనే ఉంది. అయినా పద్ధతి ప్రకారం ఇంకోసారి చూసి, రెండింటినీ పక్కపక్కన పెట్టి రాయండి. పదిహేను రోజులు," అన్నారు.

నాకూ తెలిసిపోతూనే ఉంది. మూడేళ్ళలో రెండిటికీ ఏడేసి సార్లు వెళ్ళాను. రైలుబడి ప్రతిసారీ నిండుగా ఉంది, అడిగిన ప్రతి ప్రశ్నకీ జవాబు వచ్చింది. కొండబడిలో పట్టీ మీద అరవై నలుగురు, బల్లల మీద ఏనాడూ ఇరవై దాటలేదు. "పిల్లల్లో ఆసక్తి తక్కువ. హెడ్‌మాస్టరు మంచివాడే గాని చొరవ లేదు" అని నేనే రాశాను. ముచ్చటైన చేతిరాత నాది.

కొండబడిలో ఏడో తరగతి పోతే ఏమవుతుందో నాకు తెలియదనను. ఆ ఊరికి దగ్గరలోని ఇంకో మిడిల్ స్కూలు కోరాపుట్‌లోనే. ఏ పిల్లా రోజూ నడిచి వెళ్ళే దూరం కాదు, ఉండడానికి చోటూ లేదు. ఆ కొండల చదువు అయిదో తరగతితో ఆగుతుంది. తెలిసే సంచి సర్దుకున్నాను.

ఆరో ప్రశ్న

ముందు రైలుబడికి వెళ్ళాను. బస్సు కకిరిగుమ్మ దాటి ఘాటీ దిగి రాయగడ చేర్చింది, అక్కడి నుంచి పాసింజరు. హెడ్‌మాస్టరు సన్యాసిరావు గారు ప్లాట్‌ఫారం మీద నిమ్మకాయ షర్బత్తుతో నిలబడి ఉన్నారు. తెలుపు పంచె, నిండు పొట్ట, సంస్థానం రోజుల నాటి మర్యాద.

"దయసేయండి బాబూ! ఇప్పుడే అనుకుంటన్నాం తమరి గురించి."

చెప్పకుండా వెళ్ళినా ప్రతిసారీ ఇప్పుడే అనుకుంటూ ఉండేవారు. రాయగడ స్టేషన్లో టిక్కెట్లు ఇచ్చే ఆయన సన్యాసిరావు గారి బావమరిది అని నాకు చాలా ఆలస్యంగా తెలిసింది.

ఏడో తరగతిలో నిలబడ్డాను. మామూలుగా నా మొదటి ప్రశ్న నాగావళి ఎక్కడ సముద్రంలో కలుస్తుందని. ఆ రోజు షర్బత్తు గింజ గొంతులో పడి దగ్గుతూ రెండోదాంతో మొదలుపెట్టాను.

"పదిహేడెనిమిదులు ఎంత?"

ముందు బల్లలో కుర్రాడు చటుక్కున లేచాడు. "శ్రీకాకుళం దాటేకండి!"

పొరపాటు పడ్డాడనుకున్నాను. తర్వాతి వాణ్ణి అడిగాను. "వాన ఎలా పడుతుంది?"

"నూట ముప్ఫయ్యారండి!"

వెనకబల్లలో ఒక అమ్మాయి, నేను ఏమీ అడగకముందే, లేచి నిలబడి, "నీళ్ళు ఆవిరై మబ్బులవుతాయండి" అని చెప్పి కూర్చుంది.

నేను చిరునవ్వు నవ్వాను. నవ్వలేదు, చెవులు కాలిపోయాయి.

"ఇదేటండి సన్యాసిరావుగారూ?"

ఆయన పైపంచెతో ముఖం తుడుచుకున్నారు. ఆపైన ఆపుకోలేక పొట్ట అదిరేలా నవ్వేశారు. "ఏటి సెయ్యమంటారు బాబూ! తమరు మూడేళ్ళ నుంచీ ఆ అయిదు ప్రశ్నలే, ఆ వరసలోనే అడుగుతన్నారు. నాను నేర్పలేదండి. అన్నలు తమ్ముళ్ళకి సెప్పుకుంటన్నారు. మా ఈదిలో చంటిబిడ్డకి కూడా వచ్చునండి నాగావళి. మావోళ్ళు బాగానే సదువుతారు, ఇంకోటేదన్నా అడిగి సూడండి!"

అడుగుదామని నోరు తెరిచాను. చెప్పడానికి సిగ్గేస్తోంది గాని, ఆరో ప్రశ్న నాకు తోచలేదు. లెక్కల మాస్టర్ని, మూడేళ్ళుగా నలభై స్కూళ్ళు తనిఖీ చేస్తున్నవాణ్ణి, నా దగ్గర ఉన్నవి అయిదే ప్రశ్నలు.

చివరికి, "మీలో ఎవరైనా నన్ను అడగండి" అన్నాను. వెనకబల్ల అమ్మాయే లేచింది. "ఎండకి రైలుపట్టా సాగుతాదని మాస్టారు సెప్పేరు. మరి ఏసంకాలంలో రాయగడ దూరమైపోద్దా అండి?"

నేను రైలు వేళయిందన్నాను. ఇంకా గంటన్నర ఉంది.

కుర్రవాళ్ళూ, ఆ బడి మంచిదే. ఆ అమ్మాయి ప్రశ్న ఒక్కటి చాలు దానికి. కానీ నా మూడేళ్ళ నివేదికలు దాని గురించి ఏమీ చెప్పలేదు. నా అయిదు ప్రశ్నలు ఎంత పాతబడ్డాయో మాత్రమే చెప్పాయి. ఆ సంగతి రైల్లో కొంచెం తోచింది. రాయగడ చేరేసరికి మరిచిపోయాను.

కుప్ప అంటే కుప్పే

తర్వాతి గురువారం కొండబడికి. నేను అక్కడికి వెళ్ళే పద్ధతి ఒకటే. కోరాపుట్ వ్యాపారులు ఉప్పుబస్తాలు, ఎండుచేపలు, గుడ్డలమూటలు వేసుకుని ఆ ఊరి సంతకి లారీ కడతారు. డ్రైవరు పక్కన నాకో చోటు ఉండేది. లారీ సరాసరి బడి దగ్గర దింపుతుంది, సాయంత్రం ఎక్కించుకుంటుంది. లారీ లేని రోజైతే పెద్దరోడ్డు మీద బస్సు దిగి ఆరు మైళ్ళు ఎక్కాలి. నా టూరు డైరీలో మాత్రం ఎప్పుడూ "ఆరు మైళ్ళు కాలినడకన" అనే ఉండేది. చదవడానికి బాగుంటుందని.

బడిలో ఎప్పటిలా పందొమ్మిది మంది. హెడ్‌మాస్టరు దేవదానం గారు గుమ్మంలో నిలబడి దణ్ణం పెట్టారు. బొబ్బిలి వైపు క్రైస్తవ కుటుంబం, సన్నటి మనిషి, గొంతు పెగలదు. తొమ్మిదేళ్ళుగా ఆ కొండమీదే ఉన్నారు. నేను పిల్లల్ని లెక్కపెట్టి, రాసుకుని, అరగంటలో సంతలో ఉన్నాను.

సంత గురించి మీకు చెప్పక్కర్లేదు. అల్లం, పసుపు, పిప్పళ్ళు, చీపుళ్ళు, చింతపండు. అల్లం కుప్పలు పోసి అమ్ముతారు. మా ఆవిడకి రెండు కుప్పలు, మహంతి గారి ఆవిడకి రెండు. ఆవిడ ఎప్పుడూ కబురు పెట్టేది, ఆ కొండల్లో అల్లానికున్న ఘాటు ఇంకెక్కడా లేదని.

ఒక ఆదివాసీ తల్లి, పక్కన పన్నెండేళ్ళ కూతురు. తల్లికి తెలుగు రాదు, కూతురే బేరం. నాలుగు కుప్పలు సంచిలో పోయించుకుని, ఆ పిల్ల అటు తిరగ్గానే అయిదో కుప్పలోంచి ఒక కొమ్ము నా సంచిలోకి జారవిడిచాను. ఆ పిల్ల తిరిగి చూడకుండానే చెయ్యి సంచిలో పెట్టి, సరిగ్గా ఆ కొమ్మునే తీసి, కుప్పమీద పెట్టేసింది.

"బాబు, కుప్ప అంటే కుప్పే."

"కొసరు లేదేటే అమ్మీ?"

"కొసరు నేనియ్యాల. నువ్వు తీసుకుంటే అది కొసరు కాదు."

ఇంత మాట పడి ఊరుకుంటానా? కొసరు అంటే ఏమిటో నేను చెప్పడం, కాదని ఆ పిల్ల అనడం, చుట్టూ జనం చేరి నవ్వడం. ఆఖరికి నేనే గెలిచాను. గెలవలేదు. ఆ పిల్ల తనంతట తానే ఒక చిన్న కొమ్ము తీసి నా చేతిలో పెట్టి "ఇదీ కొసరు" అంది. తలెత్తి చూసేసరికి లారీ మలుపు తిరుగుతోంది. వెనక ఉప్పుబస్తా మీద నిలబడి అప్పన్న చేతులూపుతున్నాడు. నా బట్టల సంచీ, పక్కచుట్టా అతని దగ్గరే ఉన్నాయి.

"నాను అరుస్తానే ఉన్నాను బాబూ, డ్రైవరు ఇన్నేదు," అన్నాడు తర్వాత. అరిచాడో లేదో నాకు ఇప్పటికీ అనుమానమే.

శుక్రవారం

ఆ పూట దేవదానం గారింట్లో, రాగులంటారే, ఆ చోళ్ళ అంబలి, చేపల పులుసు. పొద్దున్నే గంట వినిపించి లేచాను. వేపకొమ్మకి వేలాడదీసిన రైలుపట్టా ముక్క మీద దేవదానం గారు సుత్తితో కొడుతున్నారు. చుట్టూ పొగమంచు, పక్కమనిషి కనిపించడు. ఆ మంచులోంచి పిల్లలు రావడం మొదలైంది. ఇద్దరు, నలుగురు, ఒక వరస, ఇంకో వరస. పలకలు చంకల్లో పెట్టుకుని, చేతులు గుడ్డల్లో దాచుకుని, ముక్కులు ఎర్రగా చేసుకుని. లెక్కపెట్టాను. అరవై ఒకటి.

నాకు చచ్చేంత కోపం వచ్చింది.

"దేవదానం గారూ, ఎక్కడి నుంచి తెప్పించేరు వీళ్ళని?"

"ఎవర్నండి?"

"ఈ పిల్లల్ని! నేను ఆగిపోయేనని తెలిసి రాత్రికి రాత్రి ఊళ్ళమీద పడి పోగేసేరా?"

ఆయన నావంక జాలిగా చూశారు. "మా పిల్లలేనండి బాబూ. రోజూ వచ్చేవోళ్ళే."

"మరి నిన్న?"

"నిన్న సంత కదండీ. అమ్మా నాన్నలతో బరువు మొయ్యాల, బేరం సూడాల. లెక్క వచ్చిన పిల్లలు లేకపోతే షావుకార్లు మోసం సేసెయ్యరాండి?"

"పోయినసారి వచ్చినప్పుడు?"

"సంతేనండి."

"అంతకు ముందు?"

"బాబూ," అన్నారాయన, ఎంతో మర్యాదగా, "తమరు సంతకే కదండీ వస్తారు."

నా ఏడు రాకలూ వేళ్ళమీద లెక్కపెట్టుకున్నాను, ఏడూ గురువారాలే.

"పెద్దోరు. సంతకొచ్చి కూడా ఒక అరగంట బడి సూసి ఎల్తన్నారు, అదే పదేలు అనుకున్నామండి. మిగతా రోజులు రమ్మని మేం ఎలా అడుగుతాం? కాయితంలో 'సంతరోజు' అని తమరు రాసే ఉంటారు కదా అనుకున్నాను." నా మొహంలోకి చూశారు. "రాసేరు కదండీ?"

రాయలేదు. మూడేళ్ళు, ఏడుసార్లు, ఒక్కసారీ రాయలేదు. ఇన్నేళ్ళలో ఎందరో అధికారులు నన్ను కేకలేశారు. ఏ కేకా ఆ "రాసేరు కదండీ" అంత గట్టిగా తగల్లేదు. "హెడ్‌మాస్టరుకి చొరవ లేదు" అన్న వాక్యం నా జేబులోనే ఉంది. ఈ మనిషి తొమ్మిదేళ్ళు గుమ్మం గుమ్మానికీ తిరిగి ఈ అరవై నలుగురినీ పోగేశాడు.

ఏడో తరగతిలోకి వెళ్ళాను. పదకొండు మంది. కిటికీ పక్క బల్ల మీద, నన్ను చూసి చెయ్యి నోటికి అడ్డం పెట్టుకుని నవ్వుతూ, అల్లం పిల్ల.

"నువ్వా!"

"నువ్వా!" అంది అదీను.

"బాబుగారిని నువ్వు అనకూడదమ్మీ," అని దేవదానం గారు గాభరాపడ్డారు.

"కుప్పలోంచి తీసినప్పుడు బాబుగారని తెలవదు," అంది.

పేరు గురుబారి. గురువారం పుట్టినందుకు ఆ పేరు. ఏడో తరగతిలో ఆడపిల్ల అదొక్కతే, ఆ కొండల్లో అంత దాకా వచ్చిన మొదటి ఆడపిల్ల కూడా. దాన్ని ఒక లెక్క అడిగాను, ఆరో ప్రశ్న. నాలుగు కుప్పలు, కుప్పకి ఇన్ని కొమ్ములు, దొంగ ఒకటి తీశాడు, ఎన్ని మిగిలాయి? జవాబు చెప్పింది. దొంగ దొరికిపోయాడు కాబట్టి తీసివేత అక్కర్లేదంది.

బడి దించేస్తారన్న సంగతి ఎవరికీ చెప్పలేదు. అల్లం సంచి భుజాన వేసుకుని పెద్దరోడ్డుకి నడిచాను. ఆరు మైళ్ళు. ఇందులో పెంచింది ఏమీ లేదు, చీలమండలు వాచాయి.

మహంతి గారి టీ గ్లాసు

మర్నాడు పొద్దున్నే మహంతి గారి ఇంటికి వెళ్ళాను. దారి పొడుగునా ఇంకో కథ అల్లుకున్నాను. హెడ్‌మాస్టరు హఠాత్తుగా బడిని బాగుచేశాడనీ, హాజరు మూడు రెట్లయిందనీ. అల్లిక బాగా కుదిరింది కూడా. గుమ్మం దగ్గర ఆగాను. ఆ కథ చెబితే ఈసారికి బడి నిలుస్తుంది, వచ్చే ఏడు ఇంకొకడు సంత లారీ ఎక్కి వెళ్తాడు.

వరండాలో కూర్చోమన్నారు. మాటలు ఒడియాలో జరిగాయి, తెలుగులో చెబుతున్నాను.

"నా మూడేళ్ళ నివేదికలు తప్పండి."

"ఏ భాగం?"

"కాలినడకన అన్నది తప్పు. లారీలో వెళ్ళాను. సంత లారీ. వెళ్ళిన ప్రతిసారీ గురువారమే, ఆ రోజు పిల్లలు సంతలో ఉంటారు. మామూలు రోజున అరవై ఒక్కమంది ఉన్నారు, నా కళ్ళతో చూశాను. రైలుబడి వాళ్ళకి నా ప్రశ్నలు కంఠతా వచ్చు. అది మంచి బడే, కానీ నా కాగితం చూసి ఆ మాట అనకండి."

ఆయన తలెత్తి నావంక చూశారు. సస్పెన్షను ఆర్డరులో మొదటి వాక్యం ఆలోచిస్తున్నారనుకున్నాను.

"వారంలో ఏడు రోజులుంటే గురువారమే ఎందుకు?"

"సంతకండి. అల్లానికి."

"ఎవరికి అల్లం?"

"మా ఇంటికండి." ఇక్కడ ఆగి ఉండవచ్చు. ఆగలేదు. "తమ ఇంటికీను."

సరిగ్గా అప్పుడే లోపలి నుంచి రెండు గ్లాసుల టీ వచ్చింది. అల్లం వాసన వరండా అంతా కమ్మేసింది. మహంతి గారు గ్లాసు ఎత్తి, అందులోకి చూసి, దించారు. మళ్ళీ ఎత్తి ఒక గుటక తాగారు.

"అంటే ఈ తప్పులో సగం నేను తాగాను," అన్నారు.

ఆ మనిషి నవ్వడం అప్పుడు చూశాను. ముందు ముక్కుతో మొదలై, భుజాలు కదిలి, టీ ఒలికింది. లోపలి నుంచి ఆవిడ వచ్చి ఏమైందని చూసి వెళ్ళింది.

నవ్వు అయ్యాక మళ్ళీ మామూలు మనిషి. "ఏడో తరగతి రెండు చోట్లా ఉంటుంది. కానీ మాస్టర్ల కొరత కొరతే. రైలుబడికి ఒక మాస్టర్ని కొండబడి నుంచి పంపాలి. ఆ ఖాళీ మీరు పూడ్చండి. నెలకో వారం ఏడో తరగతికి లెక్కలు మీరే చెప్పండి. కాలినడకన వెళ్ళండి. రెండోది, వారానికో రోజు ఖాళీగా ఉండే బడిని నేను పైవాళ్ళ దగ్గర కాపాడలేను. గురువారం సెలవు పెట్టుకుని, ఆదివారం బడి నడపాలి. మీ హెడ్‌మాస్టరు ఒప్పుకుంటాడా?"

ఒప్పుకుంటాడని చెప్పేశాను. మెట్లు దిగుతుండగా గుర్తొచ్చింది, ఆ ఊళ్ళో ఆదివారం ప్రార్థన నడిపేది దేవదానం గారే.

ఆదివారం

ఈ ఉద్యోగంలో నేను అడిగిన ప్రశ్నలన్నిటిలో కష్టమైనది అది. బడి పోబోయిందన్న సంగతి, దాంట్లో నా పాలు ఎంతన్న సంగతి, అంతా చెప్పి అడిగాను. దేవదానం గారు అరుగు అంచున కూర్చున్నారు. ఆయన భార్య సువార్తమ్మ గారు చేటలో చోళ్ళు చెరుగుతున్నారు.

"ఆదివారం పని సెయ్యలేదండి బాబూ, పుట్టిన కాడ్నించీ," అన్నారాయన మెల్లిగా.

నేను సరేనని లేవబోయాను. బలవంతం చేసే మొహం నాకు లేదు.

సువార్తమ్మ గారి చేట ఆగింది. "మీరు గంట కొట్టేది ఎన్నింటికి?"

"తొమ్మిదింటికి."

"సూరీడు లేసేది?"

"ఆరింటికి."

"మరి మజ్జన మూడు గంటలున్నాయి కదా. ప్రార్థన పెందలాడే పెట్టుకుంటే దేవుడేటి నిద్దర్లో ఉంటాడా? పిల్లలకి నాలుగు ముక్కలు సెప్తే ఆయన తగువుకొస్తాడా? ఒస్తే నాతో మాటాడమనండి." నావైపు తిరిగారు. "మీరు మాత్రం ఆదివారాలు కూడా రావాల బాబూ. సంత లేకపోయినా."

దేవదానం గారు నవ్వుతూ కళ్ళు తుడుచుకున్నారు. ఆ ఆదివారం గంట కొట్టింది ఆయనే.

నెలకో వారం వెళ్ళి లెక్కలు చెప్పాను, నాలుగేళ్ళు. ప్రతిసారీ నడిచే వెళ్ళాను. చాలాసార్లు. వానాకాలం ఎడ్లబండి ఎక్కాను. అది శిక్ష అని మహంతి గారు అనుకున్నారు, నేనూ కొన్నాళ్ళు అలాగే నటించాను. నిజానికి నా ఉద్యోగంలో అంత సుఖపడిన రోజులు లేవు. భిన్నాలు పలక మీద ఎక్కని పిల్లలకి గురుబారి అల్లం కొమ్ములు విరిచి చూపించేది. పాఠం అయ్యాక ఆ భిన్నాలన్నీ పులుసులోకి పోయేవి. రైలుబడికి వెళ్తే సన్యాసిరావు గారు ప్లాట్‌ఫారం మీదే ఆపి, "ఈసారి ప్రశ్నలేటో కాస్త సెవిలో ఎయ్యండి బాబూ" అనేవారు. నేను తప్పుడువి చెప్పేవాణ్ణి. ఆయన వాటినే నేర్పించి నా మీద అలిగేవారు. రైలుపట్టా అమ్మాయికి జవాబు కనుక్కుని చెప్పాను, ఏడాది తర్వాత. అప్పటికి దానికి ఇంకో మూడు ప్రశ్నలు పుట్టాయి.

రెండు బడులలో ఏది మంచిది అని మీరు అడుగుతారు. ఏ రోజు వెళ్ళావు, ఎలా వెళ్ళావు, ఏం కొనుక్కుని వచ్చావు అని ముందు మిమ్మల్ని మీరు అడగండి. ఆ మూడూ కాగితం మీద పైన రాసి, ఆ కింద బడి గురించి రాయండి. నాకు తెలిసిన తనిఖీ ఇంతే.

ఆఖరి హాజరు

రిటైరయ్యే ముందు నెల, ఒక ఆదివారం, కొండబడికి చివరిసారి వెళ్ళాను. అప్పన్న కూడా వచ్చాడు, అతని ఉద్యోగం ఎప్పుడో అయిపోయినా. కొండ ఎక్కుతూ దారిలో ఒక తుప్ప చూపించి, "ఇదిగో బాబూ, తమరి పులి," అన్నాడు.

గంట మోగింది. దేవదానం గారి జుట్టు పూర్తిగా తెల్లబడింది. పిల్లలు బల్లలకి చాలక నేలమీద కూర్చున్నారు. ఏడో తరగతిలో ఆడపిల్లలు తొమ్మిది మంది. నేను వరండా ఈ చివర నుంచి ఆ చివరికి నడుస్తూ, ఒక్కొక్క తలా లెక్కపెట్టి, తనిఖీ పుస్తకంలో రాశాను. "ఆదివారం. నడిచి వచ్చాను. హాజరు ఎనభై మూడు."

దేవదానం గారు పుస్తకం చేతిలోకి తీసుకుని, అద్దాలు సర్దుకుని, తను మళ్ళీ లెక్కపెట్టారు. "ఎనభై రెండేనండి బాబూ. ఒకటి ఎక్కువ రాసేరు."

కిటికీ పక్క పాత బల్ల వైపు చూపించాను. గురుబారి అక్కడ కూర్చుని ఉంది. మాస్టర్ల ట్రైనింగు చదువుతోంది, సెలవులకి ఊరొచ్చి, గంట వినబడితే ఉండబట్టలేక వచ్చి కూర్చుంది. పక్కనున్న చిన్నపిల్ల పలక మీద తప్పు దిద్దుతోంది.

"అమ్మి పట్టీలో లేదు కదండీ," అన్నారు దేవదానం గారు.

"తమరికి పెంచడం అలవాటే బాబూ," అన్నాడు గుమ్మంలోంచి అప్పన్న.

ఎక్కడ పెంచితే అక్కడే దించుతానని మా ఆవిడకి మాటిచ్చాను. ఆ ఒక్కటీ దించను. ఎనభై మూడే.